కుట్టిన మోకాలు వేరు, కత్తిరించిన మోకాలు వేరు

ఆర్థ్రోస్కోపీ (చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి కీలు లోపల చేసే ఆపరేషన్) అయి ఇంటికొచ్చిన మోకాలికి పైకి కనిపించేవి రెండు చిన్న గాట్లు. లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే ఆ ముక్కను కత్తిరించి తీసేసినా అవే గాట్లు, చిరిగినదాన్ని దారంతో కుట్టి నిలబెట్టినా చాలాసార్లు అవే గాట్లు. అందుకే ఇంట్లోవాళ్లకు, చుట్టాలకు, ఒక్కోసారి ఊళ్లో ఫిజియోథెరపీ చేయించేవాళ్లకు కూడా రెండూ ఒకటే ఆపరేషన్ అనిపిస్తుంది. "మా బామ్మర్ది రెండు వారాలకే బండి తోలినాడు, నువ్వింకా కర్రలు పట్టుకొని తిరుగుతాండావే" అని పలకరించేవాళ్లు ఉంటారు. ఆ బామ్మర్దికి కత్తిరించి ఉంటారు, ఈయనకు కుట్టి ఉంటారు. మొదటాయన రెండో వారంలో నడిస్తే ఏమీ కాదు. రెండో ఆయన అదే పని చేసి మోకాలు బాగా మడిస్తే కుట్టు తెగొచ్చు.

మన జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో చెన్నైకో పోయి ఆపరేషన్ చేయించుకొని రావడం మామూలే. ఇప్పుడు మన ఊళ్లలోనూ చేస్తున్నారు. ఎక్కడ చేయించుకున్నా, తర్వాతి ఆర్నెల్లు ఆ కాలు గడపాల్సింది ఆదోనిలోనో, గుంతకల్లులోనో, ప్రొద్దుటూరులోనో, నేల మీద కూర్చొని తినే ఇంట్లోనో. లోపల ఏం చేశారో రోగికి, ఇంట్లోవాళ్లకు, వ్యాయామం చేయించేవాళ్లకు ముగ్గురికీ స్పష్టంగా తెలియాలి. ఇది రాయడానికి కారణం అదే.

తొడ ఎముక కింది కొన గుండ్రంగా ఉంటుంది, కాలి ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రటి కుండ కింద కుదురు పెట్టినట్టు ఆ రెండింటి మధ్య రెండు మెనిస్కస్‌లు ఉంటాయి. లోపలి వైపుది నెలవంక ఆకారం, బయటి వైపుది ఇంకాస్త గుండ్రం. అంచు మందం, లోపలికి పోయేకొద్దీ పలచన. కాలు చాపి నిలబడినప్పుడు కీలు మీద పడే బరువులో సుమారు సగం, 90 డిగ్రీలు మడిచినప్పుడు సుమారు 85 శాతం వీటి గుండానే పోతుంది. గొంతుక్కూర్చుంటే మెనిస్కస్ వెనక కొమ్ము (వెనక వైపు కొన భాగం) మీద ఎంత ఒత్తిడి పడుతుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఒకప్పుడు దీన్ని అక్కర్లేని ముక్కగా చూసి మొత్తం తీసేసేవాళ్లు. 1948లో బ్రిటన్‌లో ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్ అలా తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేలు చూసి, కీలు సందు తగ్గడం, ఎముక అంచులు పెరగడం, గుండ్రటి భాగం చదునవడం రాసి పెట్టాడు. మెనిస్కస్ పోతే ఎముక ఎముకను తాకే వైశాల్యం తగ్గి, అదే బరువు చిన్న చోట పడుతుంది, మృదులాస్థి తొందరగా అరుగుతుంది. కుట్టాలన్న ఆలోచన అంతకు చాలా ముందే వచ్చింది. ఎడింబరోలో థామస్ అనందేల్ 1883లోనే మోకాలు కోసి మెనిస్కస్‌ను కుట్టాడు. ఆర్థ్రోస్కోపీతో కుట్టడం మొదలైంది జపాన్‌లో, 1969లో హిరోషి ఇకెయుచి చేతుల్లో. అయినా కత్తిరించడం సులభం, కుట్టడం కష్టం కాబట్టి కుట్టు వాడుకలోకి రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది.

మెనిస్కస్‌కు రక్తం అంచు నుంచే వస్తుంది. పెద్దవాళ్లలో బయటి అంచున 10 నుంచి 30 శాతం వెడల్పు వరకే రక్తనాళాలు ఉంటాయి. డాక్టర్లు దాన్ని ఎర్ర భాగం, ఎరుపు తెలుపు కలిసిన భాగం, తెల్ల భాగం అని మూడుగా చెప్తారు. ఎర్ర భాగంలో చిరుగు కుడితే అతుక్కుంటుంది. మధ్య భాగంలో అతుక్కునే అవకాశం బాగానే ఉంది. లోపలి పలచటి తెల్ల అంచు చిరిగితే కుట్టినా మానే దారి దాదాపు లేదు, అక్కడ వదులైన ముక్కను మాత్రం కత్తిరించి నున్నగా చేస్తారు. కుట్టాలా కత్తిరించాలా అన్నదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది.

మిగిలింది చిరిగిన తీరు. అంచుకు సమాంతరంగా నిలువునా పోయే చిరుగు కుట్టుకు అన్నిటికన్నా అనుకూలం. అదే పెద్దదై లోపలి భాగం పక్కకు దొర్లి కీలు మధ్యలో ఇరుక్కుంటే బకెట్ హ్యాండిల్ అంటారు, కాలు చివరి 20, 30 డిగ్రీలు చాపలేరు. కబడ్డీలో పాదం నేలకు నొక్కి ఉండగా ఒళ్లు తిరిగినప్పుడు, బైకు పడి కాలు మెలిపడినప్పుడు ఇవి వస్తాయి, చాలాసార్లు కీలు మధ్యలో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ కూడా తెగి ఉంటుంది. లోపలి అంచు నుంచి బయటికి అడ్డంగా కోసినట్టు పోయేది రేడియల్ చిరుగు. అది అంచు దాకా పోతే మెనిస్కస్ గుండ్రటి పట్టు తెగినట్టే. వీటిని ఇదివరకు కత్తిరించి వదిలేసేవాళ్లు, ఇప్పుడు వీలైతే కుడుతున్నారు.

రూట్ చిరుగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చాలామందిలో దాన్ని గుర్తించకుండానే వదిలేస్తున్నారు. మెనిస్కస్ రెండు కొనలూ ఎముకకు అతుక్కొని ఉంటాయి, ఆ అతుకునే రూట్ అంటారు. లోపలి మెనిస్కస్ వెనక కొన ఊడిపోతే ముక్క మొత్తం అక్కడే ఉన్నా పని చేయదు, బరువు పడగానే పక్కకు జారిపోతుంది. ప్రయోగశాలలో కొలిస్తే కీలు మీద ఒత్తిడి, మెనిస్కస్ మొత్తం తీసేసినప్పటి ఒత్తిడికి సమానంగా వచ్చింది. ఇది ఆటగాళ్లకన్నా 45, 50 దాటిన ఆడవాళ్లకు ఎక్కువ వస్తుంది. చెనక్కాయలు ఒలుస్తూ గంటలు గంటలు గొంతుక్కూర్చొని లేచేటప్పుడో, మెట్టు దిగేటప్పుడో, మోకాలి వెనక టప్‌మని ఒక శబ్దం, ఆ వెంటనే నొప్పి. ఎక్స్‌రే తీస్తే పెద్దగా ఏమీ ఉండదు. "వయసు కదమ్మా, గుజ్జు అరిగింది" అని మాత్రలు ఇచ్చి పంపిస్తే నెలల్లోనే కీలు నిజంగా అరగడం మొదలవుతుంది. ఫలానా రోజు ఫలానా పని చేస్తుండగా శబ్దం వచ్చిందని ఎవరైనా చెప్తే అది అరుగుదల మాట కాదు, ఎమ్మారై తీయించాల్సిన మాట. ఎమ్మారైలో మెనిస్కస్ 3 మిల్లీమీటర్లకు మించి బయటికి జారి ఉంటే రూట్ మీద అనుమానం పెట్టుకొని వెనక భాగం బొమ్మలు మళ్లీ చూడాలి.

రోగి చెప్పే మాటల్లో ఇంకొకటి బాగా పనికొస్తుంది, వాపు ఎంత సేపటికి వచ్చిందనేది. దెబ్బ తగిలిన రెండు గంటల్లోపే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు, ఏసీఎల్ అనుమానం. రాత్రి పడుకొని పొద్దున లేచేసరికి ఉబ్బితే మెనిస్కస్ వైపు మొగ్గు. కాలు చాపలేకుండా ఇరుక్కుపోయిన మోకాలికి నాటు కట్టు కట్టించుకొని మూడు నాలుగు వారాలు కూర్చోవడం చాలా నష్టం. దొర్లిపోయిన ముక్క రోజూ నలుగుతుంది, మడతలు పడి గట్టిపడుతుంది, ఆ తర్వాత దాన్ని చోటుకు తెచ్చినా కుట్టుకు నిలవదు. అలాంటి మోకాలిని రెండు మూడు వారాల్లోపే ఆపరేషన్ గదికి చేర్చాలి. ఇరుక్కోని చిరుగులకు అంత తొందర అక్కర్లేదు, అయినా మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కుట్టినవి బాగా మానతాయి.

ఎమ్మారై రిపోర్టు చూసి భయపడేవాళ్ల కోసం ఒక మాట. అందులో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని రాస్తే అది మెనిస్కస్ లోపలి మార్పు మాత్రమే, చిరుగు కాదు. తెల్ల గీత మెనిస్కస్ ఉపరితలాన్ని తాకితేనే గ్రేడ్ 3, అదీ చిరుగు. గ్రేడ్ 2కు ఆపరేషన్ చేయరు. ఇంకో విషయం: 50 దాటినవాళ్లకు నొప్పి లేకపోయినా మెనిస్కస్ చిరుగు కనిపించడం మామూలు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ ఊరి జనాన్ని ఎమ్మారై తీసి చూసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పే లేదు. ఫిన్లాండ్‌లో 146 మంది మీద చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో, అరుగుదల వల్ల వచ్చిన చిరుగును కత్తిరించినవాళ్లకూ, గాట్లు పెట్టి లోపల ఏమీ కత్తిరించకుండా వదిలేసినవాళ్లకూ ఏడాది తర్వాత తేడా కనపడలేదు. కాబట్టి దెబ్బ లేకుండా మెల్లగా మొదలైన నొప్పి, ఇరుక్కోని మోకాలు, అరిగిన చిరుగు అయితే మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం ముందు. ఆపరేషన్ తర్వాతి మాట. దెబ్బ తగిలిన పాతికేళ్ల కుర్రాడి చిరుగుకూ దీనికీ పోలికే లేదు.

సంతకం పెట్టే కాగితం మీద ఒక్క ప్రొసీజర్ పేరు మాత్రమే ఉంటే ఆగి అడగండి. లోపల కెమెరా పెట్టి చూస్తేగానీ చివరి నిర్ణయం తెలియదు. అందుకని "వీలైతే కుట్టడం, కాకపోతే కత్తిరించడం" అని రెండూ రాసి ఉండాలి, రెండింటి ఖర్చూ ముందే చెప్పాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేయించుకునేవాళ్లు కుట్టుకు పెట్టే ఇంప్లాంట్లు అందులో వస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే తేల్చుకోవాలి. బల్ల మీదికి పోయాక డబ్బు మాట వస్తే కుట్టాల్సిన మోకాలు కత్తెర పాలవుతుంది.

లోపల జరిగేది

ఎక్కువగా వెన్నులో మత్తు ఇస్తారు. తొడకు టోర్నికే (రక్తం పారకుండా ఆపే బిగుతు పట్టీ) కడతారు, 90 నిమిషాలు, గరిష్ఠంగా రెండు గంటలకు మించనివ్వరు. చిప్ప కింద బయటి వైపు గాటులోంచి 4 మిల్లీమీటర్ల కెమెరా, లోపలి వైపు గాటులోంచి పనిముట్లు. కీలును సెలైన్‌తో ఉబ్బిస్తారు. పంపు లేని చోట 3 లీటర్ల సంచీని ఎత్తున వేలాడదీస్తారు. ఎత్తు 30 సెంటీమీటర్లు పెరిగితే ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, సుమారు 22 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రక్తం వచ్చి తెర మసకబారితే పంపు లేని గదిలో చేయగలిగిన మొదటి పని సంచీ ఎత్తడమే.

కెమెరా పెట్టగానే చిరుగు మీద పడరు. చిప్ప వెనక నుంచి మొదలుపెట్టి, పక్క సందులు, లోపలి గది, మధ్య ఏసీఎల్, బయటి గది వరుసగా చూస్తారు. ఏసీఎల్ తెగిన మోకాలిలో లోపలి మెనిస్కస్ వెనక, కీలు పొరకు అతుక్కునే చోట చిరుగు దాక్కొని ఉంటుంది, ర్యాంప్ అంటారు. ముందు నుంచి చూస్తే కనపడదు. కెమెరాను మధ్య సందులోంచి వెనక్కి నెట్టి చూడాల్సిందే. దీన్ని వదిలేసి ఏసీఎల్ ఒక్కటి కడితే మోకాలు పూర్తి స్థిరంగా ఉండదు.

లోపలి గది మరీ బిగుతుగా ఉన్న మోకాళ్లలో వెనక కొమ్ము సరిగా అందదు. బలవంతంగా పనిముట్టు తోస్తే ఎముక మీది మృదులాస్థి గీరుకుపోతుంది, ఆ గీత మానదు. అప్పుడు పక్క లిగమెంట్‌ను 18 గేజి సూదితో అక్కడక్కడ పొడిచి కాస్త వదులు చేస్తారు. అది కొన్ని వారాల్లో తనే మానుకుంటుంది. మన సర్జన్లు ఈ పని ఇంకా ఎక్కువగా చేయాలని నా అభిప్రాయం.

చిరుగు దొరికాక కొక్కెం లాంటి ప్రోబ్‌తో లాగి చూస్తారు. సెంటీమీటరు కన్నా పొడవు తక్కువై, లాగినా కదలకుండా ఉంటే కుట్టకుండానే వదిలేయొచ్చు. కదిలితే కుట్టాలి. కుట్టే ముందు చేసే పని కుట్టు కన్నా ముఖ్యం: చిరుగు రెండు అంచుల మీదా పేరుకున్న పొరను ఆకురాయి లాంటి రాస్ప్‌తో గీకి పచ్చిగా చేయాలి. సూదితో బయటి అంచు వైపు రంధ్రాలు చేసి రక్తం వచ్చేలా చేస్తారు. ఏసీఎల్ పని లేనప్పుడు తొడ ఎముక మధ్య సందులో చిన్న చిల్లులు చేసి మజ్జ రక్తాన్ని కీలులోకి వదులుతారు. ఏసీఎల్‌తో కలిపి కుట్టిన మెనిస్కస్‌లు బాగా మానడానికి ఒక కారణం ఏసీఎల్ కోసం ఎముకలో చేసే సొరంగాల్లోంచి వచ్చే ఆ రక్తమే అంటారు. గీకకుండా పైపైన కుట్టు వేస్తే చూడటానికి చక్కగానే ఉంటుంది, అతుక్కోదు.

కుట్టు మూడు రకాలు. మెనిస్కస్ ముందు కొమ్ము చిరిగితే చర్మం మీంచి లోపలికి 18 గేజి సూది గుచ్చి, దాని గుండా దారం పంపి, పైన ముడి వేస్తారు. సూది, దారం తప్ప పెద్ద ఖర్చు లేదు. రెండోది లోపలి నుంచి బయటికి: వంపు తిరిగిన గొట్టంలోంచి పొడవాటి వంగే సూదులు పంపి, మోకాలి పక్కన వెనకగా పెట్టిన 3, 4 సెంటీమీటర్ల గాటులోంచి సహాయకుడు పట్టుకుంటాడు. బకెట్ హ్యాండిల్ లాంటి పెద్ద చిరుగుకు ఇప్పటికీ ఇదే గట్టి పద్ధతి. 3 నుంచి 5 మిల్లీమీటర్లకొక కుట్టు, మెనిస్కస్ పైనా కిందా మార్చి మార్చి వేస్తారు. నిలువు కుట్టు అడ్డ కుట్టు కన్నా బలం, ఎందుకంటే మెనిస్కస్ నారలు చుట్టూ తిరిగి ఉంటాయి, నిలువు కుట్టు వాటిని కట్టలా పట్టుకుంటుంది. ఇక్కడ జరిగే ప్రమాదం నరాలతో. లోపలి వైపు గాటులో సఫీనస్ నరం దారంలో ఇరుక్కుంటే మోకాలి లోపలి వైపు, పిక్క మీద తిమ్మిరి, మంట. బయటి వైపు పెరోనియల్ నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు. అందుకే అక్కడ మోకాలు 90 డిగ్రీలు మడిచి, చెంచా లాంటి అడ్డు పెట్టి, సూది బయటికి వచ్చే చోటు కంటితో చూస్తూ చేయాలి. లోపలి వైపు ముడులు బిగించేటప్పుడు కాలు దాదాపు చాపి ఉంచాలి. మడిచి బిగిస్తే వెనక పొర కుదించుకొని తర్వాత కాలు పూర్తిగా చాపనివ్వదు.

మూడోది పూర్తిగా లోపలే. ముందే దారం కట్టిన చిన్న ప్లాస్టిక్ లంగర్లు రెండు ఒక సూదిలో ఉంటాయి. చిరుగు మీంచి పొడిచి కీలు పొర అవతల ఒకటి వదిలి, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో రెండోది వదిలి, దారం లాగితే ముడి బిగుస్తుంది. వెనక కొమ్ముకు ఇది హాయి, అదనపు గాటు లేదు. కానీ ఒక్కొక్కటీ వేలల్లో ఉంటుంది, పెద్ద చిరుగుకు నాలుగైదు పడితే బిల్లు ఇక్కడే పెరుగుతుంది. సూది ఎంత లోతు పోవాలో ముందే ప్రోబ్‌తో కొలిచి గొట్టం పెట్టుకుంటారు, వెనక కొమ్ముకు సాధారణంగా 14 నుంచి 18 మిల్లీమీటర్లు. తక్కువైతే లంగరు పొర దాటక తిరిగి కీలులోకి వచ్చేస్తుంది. ఎక్కువైతే, అందులోనూ బయటి మెనిస్కస్ వెనక రూట్ దగ్గర, పొర వెనకే మోకాలి పెద్ద ధమని ఉంటుంది. అక్కడ సూది మొన ఎటు చూస్తోందన్నది చాలా జాగ్రత్తగా చూసుకోవాలి. ముడి మరీ బిగించినా తప్పే, దారం మెనిస్కస్‌ను కోసుకుంటూ బయటికి వస్తుంది.

రూట్ ఊడితే ఈ మూడూ చాలవు. కాలి ఎముక ముందు నుంచి రూట్ అంటుకునే చోటికి సన్నని సొరంగం చేసి, మెనిస్కస్ కొనకు వేసిన దారాలను అందులోంచి కిందికి లాగి ఎముక మీద బటన్‌కు కడతారు. కాలు దొడ్డిగా బాగా వంగిన మోకాలిలో, లేదా మృదులాస్థి ఎముక దాకా పోయినచోట ఇది నిలవదు. ముందు వంపు సరిచేయాలి, లేదా వేరే దారి చూడాలి. అందుకే నిలబెట్టి తీసిన పూర్తి కాలు ఎక్స్‌రే లేకుండా రూట్ కుట్టుకు ఒప్పుకోవద్దు.

ఇంటికొచ్చాక

డిశ్చార్జి కాగితంలో నాలుగు విషయాలు ఉన్నాయా చూడండి: కుట్టారా కత్తిరించారా, ఎలాంటి చిరుగు, ఎన్ని వారాలు బరువు మోపకూడదు, ఎన్ని డిగ్రీల దాకా మడవొచ్చు. "ఆర్థ్రోస్కోపీ చేశాం, ఫిజియో చేయించుకోండి" అని మాత్రమే రాసి ఉంటే వెనక్కి ఇచ్చి రాయించుకోండి. ఆదోనిలో మీ కాలు పట్టుకునే ఫిజియోథెరపిస్టుకు ఆ కాగితం తప్ప ఇంకో ఆధారం లేదు.

అంచున నిలువు చిరుగు కుట్టినవాళ్లు బ్రేసు (మోకాలు మడవకుండా పట్టి ఉంచే పట్టీ) చాపి బిగించుకొని, కర్రల సాయంతో మొదటి వారాల్లోనే కొంత బరువు మోపొచ్చు. కాలు చాపి ఉన్నప్పుడు పడే బరువు ఆ చిరుగు అంచులను దగ్గరికే నొక్కుతుంది. రేడియల్, రూట్ కుట్లలో అదే బరువు అంచులను విడదీస్తుంది, కాబట్టి ఆరు వారాలు పాదం నేలకు తాకించడమే తప్ప బరువు లేదు. ఒకే వార్డులో పక్క పక్క మంచాల మీద ఉన్న ఇద్దరికి వేరు వేరు సలహా ఇస్తే అనుమానపడొద్దు. మడవడం మాత్రం అందరికీ మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు 90 డిగ్రీల లోపే.

మొదటి రోజు నుంచే చేయాల్సినవి: పాదం పైకీ కిందికీ గంటకు ఇరవై ముప్పై సార్లు ఊపడం, తొడ కండరం బిగించి అయిదు సెకన్లు పట్టి వదలడం, బ్రేసుతో కాలు నిటారుగా ఎత్తడం. మడమ కింద చుట్టిన టవలు పెట్టి మోకాలి వెనక ఖాళీగా వదలాలి. చాలామంది హాయిగా ఉందని మోకాలి కిందే దిండు పెట్టుకుంటారు. వారం తిరిగేసరికి కాలు చివరి పది డిగ్రీలు చాపలేని స్థితి వస్తుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. మంచు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. బోర్లా పడుకొని మడమను పిరుదుల వైపు సొంత బలంతో లాగే వ్యాయామం ఆరు వారాలు వద్దు. తొడ వెనక కండరాల్లో ఒకటి లోపలి మెనిస్కస్ వెనక భాగానికి కూడా అతుక్కొని ఉంటుంది, ఆ లాగుడు నేరుగా కుట్టు మీద పడుతుంది.

కర్రల విషయం. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, బరువు అరచేతుల మీద పడాలి. మన ఇళ్లలో పరిచేది ఎక్కువగా బేతంచెర్ల బండలు, కడప బండలు. కడిగి తడిగా ఉన్నప్పుడు వాటి మీద కర్ర జారుతుంది. కింది రబ్బరు అరిగితే వెంటనే మార్చండి, బండలు కడిగే వేళకు రోగి మంచం మీద ఉండాలి. మెట్లు, ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రలు, ఆపరేషన్ కాలు. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు కారులో వెనక సీటు మీద కాలు చాపుకొని కూర్చోవడం మేలు, గంటకోసారి ఆపి పాదాలు ఊపాలి. పిక్క బిగుసుకొని నొప్పి, వాపు వస్తే, ఆయాసం వస్తే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది ఫోను చేసి అడిగే పని కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. రెండు రోజుల తర్వాత కూడా గాటులోంచి నీరు కారుతుంటే, జ్వరం వచ్చి మోకాలు ఎర్రబడి కాలిపోతుంటే కూడా అంతే. మొదటి రోజు కట్టు ఎర్రటి నీటితో తడవడం మాత్రం లోపల మిగిలిన సెలైన్.

నేల మీద కూర్చోవడం నాలుగు నెలలు పూర్తిగా మానాలి, రూట్ కుట్టినవాళ్లు ఆర్నెల్లు. బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం రెండూ వెనక కొమ్మును ఎముకల మధ్య నొక్కుతాయి. సంగటి కుర్చీలో కూర్చొని తినాలి. నమాజు కుర్చీలో కూర్చొని చేసుకోవాలి, పూజకు పీట వద్దు. మరుగుదొడ్డి నేలదైతే సర్జికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీ ఆపరేషన్‌కు ముందే తెచ్చిపెట్టుకోండి. అది లేకుండా ఇంటికి పోతే మొదటి పొద్దుటే కుట్టుకు పరీక్ష. చెనక్కాయ పీకుడు అక్టోబరు, నవంబరులో పడుతుంది, ఇంట్లో ఆ పనికి ఉండాల్సిన మనిషికి జూన్ తర్వాత కుడితే ఆ ఏడు పొలానికి మనిషిని పెట్టుకోవడమే. గుంత మగ్గం మీద కూర్చునేవాళ్లు మూడు నెలల తర్వాత డాక్టరుకు తమ కూర్చునే తీరు, తొక్కుడు చూపించి మరీ అడగాలి. "పనికి పోవచ్చు" అన్న మాట ఆఫీసు కుర్చీని ఊహించి చెప్పింది కావచ్చు.

ఆరు వారాల తర్వాత బ్రేసు తీసి, మెల్లగా పూర్తి బరువు, వ్యాయామ సైకిలు సీటు ఎత్తు పెంచుకొని తక్కువ బిగువుతో. గోడకు ఆనుకొని 60 డిగ్రీల దాకా వంగి లేవడం. 90 దాటి బరువుతో మడవడం నాలుగు నెలల దాకా లేదు. పరుగు నాలుగో నెల తర్వాత, కబడ్డీ, ఖోఖో లాంటి మెలితిరుగుళ్లు ఆరో నెల తర్వాత, అదీ రెండు తొడల బలం దాదాపు సమానమైతేనే. ఏసీఎల్ కూడా కట్టి ఉంటే తొమ్మిది నెలలు. సంక్రాంతి టోర్నమెంటు తేదీ చూసి నెలలు తగ్గించుకోకూడదు. బీడీ, సిగరెట్ కుట్టు మానడాన్ని నేరుగా చెడగొడతాయి, ఈ ఆర్నెల్లు పూర్తిగా వద్దు.

ఇంత చేసినా కొన్ని కుట్లు నిలవవు. అయిదేళ్లు దాటి చూసిన అధ్యయనాలను కలిపి చూస్తే నూటికి 20 నుంచి 25 విఫలమయ్యాయి. దాన్ని చూసి ముందే కత్తిరించడం మేలని కొందరంటారు, నేను ఒప్పుకోను. నిలిచిన 75, 80 మంది మెనిస్కస్ వాళ్ల దగ్గరే ఉంది. తెగినవాళ్లలో కూడా చాలాసార్లు ఒక భాగం అతుక్కొని ఉంటుంది, రెండోసారి తీయాల్సింది మొదట తీసి ఉండాల్సిన దానికన్నా ఎక్కువేమీ కాదు. మానుతున్న మోకాలిలో అప్పుడప్పుడు చిన్న చిటుకు వినిపించినా నొప్పీ వాపూ లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. టప్‌మని శబ్దం వచ్చి మర్నాటికి ఉబ్బితే, లేదా మళ్లీ ఇరుక్కుంటే చూపించుకోవాలి. పోయేటప్పుడు పాత ఎమ్మారై ఫిల్ములు, ఆపరేషన్ నోటు, లోపలి ఫోటోలు పట్టుకుపోండి. కుట్టిన మెనిస్కస్ ఏడాది దాటినా ఎమ్మారైలో చిరిగినట్టే కనిపించవచ్చు, పాత బొమ్మతో పోల్చి చూడకుండా రెండో ఆపరేషన్‌కు తేదీ వేయించుకోవద్దు.